ఓటీపీ చెప్పమంటే ఏ ఓటీపీ?

ఆన్‌లైన్‌లో సరుకు కొనడానికి మన ఇళ్లలో పెద్దలు వెనకాడేది ధర చూసి కాదు. డబ్బు ఎవరి చేతిలో పడుతుందో తెలియక. బరంపురం బజారులో కొంటే గల్లాపెట్టె దగ్గర మనిషి కనిపిస్తాడు, తేడా వస్తే మర్నాడు వెళ్లి అడగొచ్చు. ఫోనులో ఆ మనిషి లేడు. ఈ భయం తప్పని మేము అనం. కాకపోతే సంఘం దగ్గరికి వచ్చే ప్రశ్నలు చూస్తుంటే, భయపడనక్కర్లేని చోట భయపడుతూ, భయపడాల్సిన చోట నిశ్చింతగా ఉంటున్నామనిపిస్తోంది.

"దుకాణంవాడి దగ్గర నా కార్డు నంబరు ఉండిపోతుంది కదా" అని చాలామంది అడుగుతున్నారు. 2022 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు దాన్ని ఆపింది. మన దేశంలో ఇచ్చిన కార్డు పూర్తి నంబరును కొనుగోలు వెబ్‌సైట్లు దాచుకోకూడదు. మనం కార్డు సేవ్ చేయమంటే దానికి బదులు టోకెన్ అనే మారు నంబరు తయారవుతుంది. అది ఆ కార్డుకు, ఆ దుకాణానికి మాత్రమే పనికొస్తుంది. ఎవరైనా ఎత్తుకుపోయినా మరో చోట చెల్లదు. కొత్త కార్డు ఆన్‌లైన్ వాడకం మూసి ఉన్న స్థితిలోనే వస్తుంది. తెరవడం, ఎంతవరకు అని హద్దు పెట్టడం బ్యాంకు యాప్‌లో మన చేతిలోనే ఉంటాయి. విదేశీ లావాదేవీల స్విచ్ అక్కర్లేనివారు ఆపే ఉంచండి. విదేశీ వెబ్‌సైట్లు కొన్ని ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకోగలవు.

అసలు చిక్కు ఓటీపీతో. పార్సిల్ తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి "ఓటీపీ చెప్పండమ్మా" అంటాడు. కొన్ని కంపెనీల పద్ధతే అది, అందులో మోసం లేదు. దానివల్ల మనవాళ్లకు ఓటీపీ అంటే అడిగినవారికి చెప్పే అంకెలని అలవాటైపోయింది. బ్యాంకు ఓటీపీ వేరు. అది చెక్కు మీద సంతకం లాంటిది. రెండింటికీ తేడా మెసేజ్‌లోనే ఉంటుంది. బ్యాంకు మెసేజ్‌లో రూపాయల మొత్తం, ఎవరికి చెల్లిస్తున్నామో వారి పేరు, ఎవరికీ చెప్పవద్దన్న మాట ఉంటాయి. డెలివరీ మెసేజ్‌లో పార్సిల్ ఊసు ఉంటుంది, డబ్బు కోత ఉండదు. ఆ అంకెలు కూడా పార్సిల్ చేతికి వచ్చాకే చెప్పాలి. "మీరు ఆర్డరు చేయకపోతే రద్దు చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఫోనులో అడిగితే పెట్టేయండి.

ఆ మెసేజ్ ఎక్కువగా ఇంగ్లీషులో వస్తుంది. మన ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. ఇంగ్లీషు మెసేజ్ వస్తే అమ్మమ్మ మనవడికి చూపిస్తుంది, వాడు ఆరు అంకెలు చదివి ఆటకు పోతాడు. మొత్తం, పేరు కూడా చదివి చెప్పమని పిల్లలకు నేర్పండి. ఇంకొక మాట. ఫోనులో తెలుగు వినబడగానే మన మనసు మెత్తబడుతుంది, "మనవాడే" అనుకుంటాం. తెలుగు వచ్చినంత మాత్రాన బ్యాంకువాడు అయిపోడు.

సరుకు వాపసు చేశాక రావలసిన డబ్బు దగ్గర కూడా ఇలాగే బోల్తా పడుతున్నారు. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతికితే దొంగ నంబర్లు కూడా తగులుతాయి. నంబరు కావాలంటే కొన్న యాప్‌లోనే చూడండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. పిన్ అడిగితే డబ్బు పోతుందనే అర్థం.

అయినా పోతే? 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఇందుకోసమే. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడోవారి వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మనకు నష్టం లేదు. సమాచారం అందిన రోజును లెక్కలోకి తీసుకోరు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చేస్తే మామూలు పొదుపు ఖాతాదారు భరించేది ఎక్కువలో ఎక్కువ 10,000 రూపాయలు. అది దాటితే బ్యాంకు విధానాన్ని బట్టి. ఓటీపీ మనమే చెప్పిన కేసుల్లో మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయింది మన నెత్తినే. చేశాక పోయింది బ్యాంకు భరించాలి. అందుకే సిగ్గుపడి, పిల్లలు తిడతారని నాలుగు రోజులు దాచడం అన్నిటికన్నా పెద్ద నష్టం.

ముందు బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి, వెంటనే 1930కి ఫోను చేయండి. దొంగ ఆ డబ్బును వేరే ఖాతాకు తరలించేలోగా ఆపించే వీలుంటుంది కాబట్టి గంటలు కూడా లెక్కే. తర్వాత బ్రాంచికి రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీ, సమయం, మొత్తం, మెసేజ్ నకలు ఉండాలి. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కౌంటరు వదలొద్దు. గుమాస్తా ఉద్యోగంలో తల నెరిసిన మాకు కాగితమంటే నమ్మకం ఎక్కువే అనుకోండి, కానీ 3 రోజుల్లో చెప్పామని రేపు రుజువు చేసేది ఆ ముద్రే. 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. వివరాలకు 14448.

ఫిర్యాదు లేఖ నమూనా తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో సంఘం కార్యాలయంలో ఉంచుతున్నాం. రాయడం కష్టమైనవారు ఆదివారం ఉదయం పాస్‌బుక్కు, ఫోను తీసుకుని రండి, కూర్చుని రాసిపెడతాం. పిన్ మాత్రం మాకూ చెప్పకండి.