సంచిలో పడితే చాలదు

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా నిలబడి పోయేవాళ్లకు భుజాన వేలాడే సంచి బరువు గ్రాములతో సహా తెలుసు. అందుకే ‘ఇరవై వేలలో చిన్న ల్యాప్‌టాప్ ఉంటే చెప్పన్నా’ అని అడిగేవాళ్లు నాచారంలో మా వీధిలోనే నలుగురైదుగురున్నారు. అడిగేటప్పటికే జవాబులు కూడా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటాయి. చిక్కంతా ఆ జవాబులతోనే.

అపోహ: ‘చౌకది కదా, తేలిగ్గానే ఉంటది.’

వాస్తవం: బరువును తేల్చేది ధర కాదు, ఎక్కువగా తెర సైజు. 2023లో 16,499 రూపాయలకు వచ్చిన 11.6 అంగుళాల జియోబుక్ 990 గ్రాములే. అదే ధరకు అటూ ఇటూగా దొరికే 15.6 అంగుళాలవి కిలోన్నర దాటుతాయి, చార్జర్ అదనం. తేలికగా చేయడం కొత్త విద్య కూడా కాదు. 2007లోనే ఆసుస్ వాళ్ల ‘ఈ పీసీ’ (Eee PC) 7 అంగుళాల తెరతో కిలోలోపు తూగింది. కాకపోతే స్టోరేజ్ 4 జీబీయే! (మా పక్కనున్న ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 కంప్యూటర్ తెచ్చినప్పుడు దాన్ని సంచిలో వేసుకోవాలని ఎవరూ ఆశపడలేదు.)

అపోహ: ‘ర్యామ్, స్టోరేజ్ తర్వాత పెంచుకుందాం తీ.’

వాస్తవం: ఎక్కువమంది మునిగేది ఇక్కడే. చౌక చిన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌నూ, ఈఎంఎంసీ అనే చౌక రకం స్టోరేజ్‌నూ మదర్‌బోర్డుకే అతికించేస్తారు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఎంత చెయ్యి తిరిగిన మెకానిక్ అయినా వాటిని మార్చి ఇస్తాననడు. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస అవసరం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. కనీసం అంటే ఆన్ అవుతుందని అర్థం, హాయిగా నడుస్తుందని కాదు. ఆ 64లో పెద్ద వాటా విండోసే తినేస్తుంది. కొన్నాళ్లకు అప్‌డేట్‌కు చోటు లేదని మొరాయిస్తుంది. మెమరీ కార్డు పెడితే ఫొటోలకు చోటొస్తుంది గానీ ఆ బాధ పూర్తిగా తీరదు. పెట్టె మీద ‘1 టీబీ’ అని కనిపిస్తే అది లోపలి డిస్కో, ఏడాదికిచ్చే క్లౌడ్ చోటో అడిగి మరీ తెలుసుకోండి.

అపోహ: ‘ల్యాప్‌టాప్ అన్నాక అన్నీ ఎక్కుతయ్. క్రోమ్‌బుక్ మాత్రం నెట్ లేకుంటే డబ్బానే.’

వాస్తవం: రెండూ తప్పే. జియోబుక్‌లో నడిచేది జియోఓఎస్, విండోస్ కాదు. నాచారం పారిశ్రామికవాడలో లెక్కలు రాసే గుమాస్తాకు కావలసిన విండోస్ ట్యాలీ అందులో ఎక్కదు, గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే క్రోమ్‌బుక్‌లోనూ అంతే. ఇక నెట్ సంగతి. ముందే ఆఫ్‌లైన్ పెట్టుకుంటే గూగుల్ డాక్స్‌లో నెట్ లేకుండానే రాసుకోవచ్చు. డిగ్రీ పిల్లల నోట్సుకు క్రోమ్‌బుక్ మంచిదే.

అపోహ: ‘పాత ఐ5 ఏ కొత్తదానికన్నా మేలు.’

వాస్తవం: సగం నిజం. ఇంటెల్‌లో ఇంచుమించు 8వ తరం నుంచే విండోస్ 11కు అధికారికంగా అర్హత. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఐ5 తర్వాతి అంకె చూడండి: 6300 అంటే 6వ తరం, 8250 అంటే 8వది. నన్నడిగితే ఇరవై వేలలో 8వ తరం, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న సెకండ్ హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌కే నా ఓటు. అందులోనూ ఒక మెలిక ఉంది. లెనోవో ఎక్స్280, డెల్ లాటిట్యూడ్ 7290 రెండూ 12.5 అంగుళాలవే. మొదటిదాంట్లో ర్యామ్ బోర్డుకు అతికి ఉంటుంది, రెండోదాంట్లో మార్చుకోవచ్చు.

కొనేముందు కొట్లోనే బ్యాటరీ రిపోర్టు తీయించండి. అందులో ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) డిజైన్ కెపాసిటీలో (కొత్తప్పుడు పట్టినదాంట్లో) సగానికి పడిపోయి ఉంటే, కొత్త బ్యాటరీ ఖర్చు తగ్గించమని బేరమాడండి.