పడవ తోకకు బుల్లి మోటారు

గోదావరి సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. పోటు వేళ సముద్రపు నీరు మొగలోంచి ఏటిలోకి ఎక్కుతుంది. ఆటు వేళ ఆ నీరంతా తిరిగి సముద్రంవైపు లాగుతుంది. ఒక తెరచాప పడవ వేట ముగించుకొని సాయంత్రం ఆ మొగలోంచి ఇంటికి రావాలనుకోండి. అంతలో గాలి పడిపోయింది. చాప ఆరవేసిన దుప్పటిలాగా వేలాడుతున్నది. నీరు చూస్తే ఆటు మీద ఉన్నది. ఇద్దరు మనుషులు చెమటలు కక్కుతూ తెడ్లు వేసినా పడవ ముందుకు రాదు సరిగదా, కొంచెం కొంచెంగా సముద్రంలోకి జారిపోతున్నది. పైగా చీకటి పడుతున్నది.

ఇలాంటి గడియ కోసమే చాప ఉన్న పడవకు గూడా ఒక చిన్న మోటారు తగిలిస్తారు. రోజంతా పని చేసేది గాలే. మోటారు అక్కరకు వచ్చే చుట్టం మాత్రమే. అయితే ఆ చుట్టాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియకపోతే, సరిగ్గా అవసరం వచ్చినప్పుడే మొండికేస్తుంది.

తీరపు ఊళ్ళలో ఉండే పిల్లలు ఈ మోటార్లను చూచే ఉంటారు. పైన ఇంజను, కింద నీళ్ళలో రెక్కల ప్రొపెల్లరు, రెండిటినీ కలుపుతూ నిలువుగా ఒక కడ్డీ. అంతా పడవ బయటనే వేలాడుతుంది గనుక దీనికి ఔట్‌బోర్డు మోటారు అని పేరు. ఇలాంటివి మొదట తయారుచేసిన వారిలో పేరుపొందినవాడు ఓలె ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి అమెరికా చేరిన మెకానిక్కు. ఒక వేసవినాడు సరస్సు నడుమనున్న దీవికి, తాను పెళ్ళాడబోయే అమ్మాయి కోసం ఐస్‌క్రీము తేవటానికి పడవను తెడ్లతో నడిపి వెళ్ళాడట. తిరిగి వచ్చేలోపల అది కాస్తా కరిగిపోయిందట! అప్పుడు పుట్టిన ఆలోచనే 1909లో మోటారైంది అంటారు. కథ ఎంతవరకు నిజమో గాని, మోటారు మాత్రం నిజమే. దాని బలం ఒకటిన్నర గుర్రాలు.

ప్రొపెల్లరు పని మీకు తెలిసినదే. మరమేకు చెక్కలోకి తిరుగుతూ దిగినట్లు, అది నీళ్ళలోకి తిరుగుతూ పోతుంది. నీటిని వెనక్కు నెడుతుంది, పడవ ముందుకు పోతుంది. కాని అది నెట్టటానికి నీరే ఉండాలి. గిన్నెలో గరిటెను లోతుగా పెట్టి తిప్పండి, చేతికి బరువు తెలుస్తుంది. పైపైన తిప్పితే నురగ తప్ప మరేమీ రాదు. ప్రొపెల్లరు గూడా అంతే. పైనుంచి గాలిని పీల్చుకున్నదంటే పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది. ఇంజను కీచుమని అరుస్తుంది, పడవ మాత్రం కదలదు.

అందుకే మోటారు బిగించటంలో మొదట చూడవలసింది ఎత్తు. పడవ వెనుక భాగాన్ని అమరం అంటారు. అమరాన ఉన్న గట్టి చెక్కకు మోటారును రెండు మరలతో బిగిస్తారు. ప్రొపెల్లరు తలపైన చిన్న గొడుగులాగా ఒక రేకు ఉంటుంది. పైనుంచి గాలి దిగకుండా కాపాడేది అదే. ఆ రేకు పడవ అడుగుకు సమంగా గాని, అంతకన్న ఒక అంగుళం కిందుగా గాని ఉండాలి. మరీ కిందికి దించితే నీరు అడ్డుపడి పడవను వెనక్కు లాగుతుంది, అలలు ఇంజను మీదికే వస్తాయి. ఈ మోటార్లు పొట్టి కాలువి 15 అంగుళాల పలకకూ, పొడుగు కాలువి 20 అంగుళాల పలకకూ సరిపోయేట్లు వస్తాయి. చెరువులో పొట్టి కాలు చాలు. మొగలో అలా కాదు. అల వచ్చి ముక్కు కిందికి వంగినప్పుడల్లా అమరం పైకి లేస్తుంది, దానితో ప్రొపెల్లరు నీళ్ళు విడిచి బయటకు వస్తుంది. అందుకని చాపపడవకు పొడుగు కాలుదే మేలు. చాప ఎత్తి పోయేటప్పుడు మోటారును నీళ్ళలోంచి పైకి ఎత్తి ఉంచుతారు, లేకపోతే ఊరికే ఈడ్చుకుంటూ పోవాలి.

అమరం నడుమ చుక్కాని ఉన్న పడవకు మోటారును ఒక పక్కగా పెట్టక తప్పదు. ఇందులో ఒక తమాషా ఉన్నది. తొట్టెలో ఒక చెక్కముక్కను తేలవేసి, వెనుక నడిమధ్యన పెన్సిలుతో నెట్టండి. తిన్నగా పోతుంది. వెనుక ఎడమ మూలన నెట్టండి. కుడివైపుకు తిరుగుతుంది. పక్కన పెట్టిన మోటారు గూడా పడవను ఇలాగే తిప్పుతుంది. చుక్కానిని కొద్దిగా రెండవవైపుకు పట్టి దానిని సరిదిద్దుకోవాలి.

పెద్ద మోటారు పెడితే పడవ రివ్వున పోతుంది గదా అంటారు కొందరు. బరువైన పడవ విషయంలో అది కుదరదు. పడవ పోయేకొద్దీ ముందు ఒక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల సాగి, పడవ పొడుగంత అవుతుంది. అప్పుడు పడవ తాను లేపిన అల గట్టునే తాను ఎక్కవలసి వస్తుంది! నీటి మట్టాన 16 అడుగుల పొడుగున్న పడవకు ఈ హద్దు గంటకు సుమారు 10 కిలోమీటర్లు. ఆపైన గుర్రాలు ఎన్ని కట్టినా అమరం కుంగటం, పెట్రోలు తగలబడటం తప్ప లాభం స్వల్పం. ఈపాటి పడవకు మూడు నాలుగు గుర్రాల మోటారు చాలు.

మరలు ఎంత బిగించినా అదురుకు వదులౌతాయి. కాబట్టి మోటారును ఒక గట్టి తాడుతో పడవకు కట్టి ఉంచాలి. లేకపోతే అది ఏటి అడుగునకు పోయి కూర్చుంటుంది. నడిపేవాని మణికట్టుకు గూడా ఒక తాడు ఉంటుంది. మనిషి నీళ్ళలో పడితే ఆ తాడు ఊడి వచ్చి ఇంజను ఆగిపోతుంది. ఈ తాడు లేక తిరుగుతున్న రెక్కల కిందపడి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. ఈ విషయంలో పెద్దలు అశ్రద్ధ చేస్తే పిల్లలే గుర్తుచేయాలి.

చాలా చిన్న మోటార్లలో ప్రొపెల్లరును కడ్డీకి కలిపేది ఒక మెత్తని లోహపు పుల్ల. రెక్క రాతికి తగిలిందంటే ఆ పుల్ల తెగిపోతుంది, లోపలి పళ్ళచక్రాలు బతికిపోతాయి. దానిని కావాలనే బలహీనంగా చేస్తారు. కొందరు అది తెగగానే దాని బదులు మేకు ముక్క దూర్చుతారు. తరువాత రాయి తగిలినప్పుడు తెగేది పళ్ళచక్రమే. రెండు విడి పుల్లలూ, ఒక పట్టకారూ పడవలోనే ఉంచుకోవాలి.

ఇంజను చల్లబడేది చాలావాటిలో ఏటినీటితోనే. నడుస్తున్నంతసేపూ పక్కనుంచి సన్నని ధార పడుతూ ఉంటుంది. ధార ఆగితే వెంటనే ఇంజను ఆపాలి. గడ్డో, గుడ్డపేలికో అడ్డుపడి ఉంటుంది. ఉప్పునీటిలో తిరిగివచ్చిన మోటారుకు స్నానం గూడా చేయించాలి. డ్రమ్ము నిండా మంచినీళ్ళు పోసి, మోటారు కాలు అందులో ముంచి, కొద్ది నిమిషాలు నడిపిస్తారు. ఆ డ్రమ్ముకు నీళ్ళు మోసే పని సాధారణంగా ఇంట్లో పిల్లల మీదనే పడుతుంది.