చట్టం వచ్చాకా ఆగని ప్రశ్న

నెల్లూరుకు అమెరికన్ బాప్టిస్టులు 1840లో వచ్చారు. చాలా ఏళ్లు చేరింది కొద్దిమందే. కానీ 1878 జులై 3న ఒంగోలు సీమలో, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలే.

1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. మరి దళితులకు వేరే దైవశాస్త్రం దేనికి?

అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చింది 1964లో. నల్లజాతి దైవశాస్త్రంపై జేమ్స్ కోన్ తొలి పుస్తకం వచ్చింది 1969లో. మన దళిత దైవశాస్త్రం 1980ల్లో రూపుదిద్దుకుంది. రెండూ చట్టం వచ్చాక పుట్టినవే!

1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల నెత్తురు చూశాయి. ఎస్సీ హోదా 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు దక్కింది. క్రైస్తవ దళితులకు దక్కలేదు.

శిలువ మోసిన దేవుడు ఎవరి పక్షం? ఊరికీ వాడకీ మధ్య గీత ఉన్నంతకాలం ఆ ప్రశ్నకు కాలం చెల్లదు.