చెరువు లేనిచోట చెరువు బొమ్మ

హైదరాబాదులో మాసబ్ ట్యాంకు పేరు విననివారుండరు. అచట చెరువును చూచినవారు మాత్రము అరుదు. మహమ్మదు కులీ కుతుబ్ షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లి అయిన హయాత్ బక్షీ బేగమును ప్రజలు ‘మా సాహెబా’ అని పిలిచెడివారు. ఆమె పేరిటి చెరువే జనుల నోళ్లలో నలిగి మాసబ్ ట్యాంకు అయినది. కాలక్రమమున చెరువు మాయమైనది. ఆ చోట నేడు చాచా నెహ్రూ పార్కు ఉన్నది.

ఆ పేటలోనే 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయము కలదు. పోయిన చెరువూ, బొమ్మలు నేర్చు బడీ ఇరుగుపొరుగులగుట విశేషమే. నగరమునకు వీధి గోడలపై బొమ్మలు కొత్త కావు. 2016లో ఖైరతాబాదు చెంతనున్న మక్తాలో చిత్రకారులు ఇళ్ల గోడలనే పటములుగా చేసికొనిరి.

ఐతే చిత్రము కోరువారు తరచుగా చదరపు అడుగుకెంత అని అడిగి, “పచ్చగా ఏదైనను వేయుడు” అని ఊరకుందురు. అట్టి గోడపై ఏ దేశపు చిలుకయో వచ్చి వాలును. మాసబ్ ట్యాంకు గోడకు అది ఏల? దక్కను గుండ్లు, తంగేటి పూలు, సీతాఫలపు పొదలు, పాలపిట్ట, చెరువు గట్టున ఒంటికాలిపై నిలిచిన కొంగ - ఇవి చాలవా? దారిన పోవు బాలుడు “ఇక్కడ నీళ్లుండెడివా?” అని తండ్రిని అడిగినచో, ఆ బొమ్మకు ఇచ్చిన సొమ్ము దండుగ కాదు.

రంగుకన్న ముందు గోడను చూడవలెను. వెనుకనుండి చెమ్మ ఊరు గోడలో ఉప్పు పైకి పొంగి, తెల్లని పొరయై రంగును పెచ్చులుగా లేపును. అప్పుడు నింద చిత్రకారునిపై పడును. తప్పు కారుచున్న గొట్టముది. లేపాక్షి మండపపు కప్పుమీది 16వ శతాబ్దపు చిత్రములు రాతి నీడలోనుండియు పలుచోట్ల రాలినవి. ఎండకు, వానకు, బండ్ల పొగకు ఒడ్డిన గోడ సంగతి వేరుగ చెప్పనేల? ఒప్పందములో చిత్రకారుని ప్రతిఫలముతోపాటు గోడ మరమ్మతుకు, బొమ్మ సంరక్షణకు కూడ సొమ్ము చూపవలెను.

గోడ పడగొట్టవలసివచ్చినచో చిత్రకారునికి తెలుపుట కూడ అందు వ్రాసికొనుట మేలు. ఢిల్లీ విజ్ఞాన భవనమున ప్రభుత్వము కోరి చేయించుకొన్న అమర్‌నాథ్ సెహగల్ కంచు కుడ్యశిల్పమును 1979లో ఊడదీసి గిడ్డంగిలో పడవేసిరి. శిల్పి న్యాయస్థానమునకెక్కెను. వెల చెల్లించినవానికి వస్తువు దక్కినను, కృతిని చెరుపు హక్కు దక్కదని ఆయన వాదము. 1957 నాటి కాపీరైటు చట్టములోని 57వ సెక్షను ఆయనకు అండయైనది. మిగిలిన భాగములను తిరిగి ఇచ్చి, 5 లక్షల రూపాయల నష్టపరిహారము చెల్లింపుడని ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పునప్పటికి 2005వ సంవత్సరము వచ్చినది.