తోక బరువైతే ఏమవుతుంది?

పోయిన సెమిస్టర్‌లో మా బ్యాచ్ థర్మాకోల్‌తో ఒక చిన్న విమానం చేశాం. గ్రౌండ్‌లో విసిరితే ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం గాల్లో ఆగి, ధబీమని కింద పడింది. రెండోసారీ అంతే. రెక్కలు చిన్నవన్నాడొకడు, మోటార్ చాల్లేదన్నాడింకొకడు. ముక్కు దగ్గర పట్టడం లేదని బ్యాటరీని వెనక్కి నెట్టింది మాత్రం నేనే. అసలు తప్పు అదేనని నాకు తట్టలేదు.

తర్వాత పాత మిలిటరీ ట్రైనింగ్ సినిమాలు చూస్తుంటే తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాకి తక్కువ టైంలో వేల మంది పైలట్లు కావాల్సి వచ్చారు. అందుకే అక్కడి ఆర్మీ ఎయిర్ ఫోర్సెస్ 1942లో సినిమావాళ్లతోనే 'ఫస్ట్ మోషన్ పిక్చర్ యూనిట్' అని ఒక దళం పెట్టింది. తర్వాత అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ కూడా అందులో పనిచేశాడు. వాళ్ల 'లెర్న్ అండ్ లివ్' సినిమా పైలట్ల స్వర్గంలో నడుస్తుంది. ఎవరు ఏ తప్పు చేసి పైకొచ్చారో అందులో చెబుతారు. చూస్తే నవ్వొస్తుంది. కానీ దాన్ని చూసి నేర్చుకున్న కుర్రాళ్లది దాదాపు మన వయసే అని గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది.

ఇక అసలు విషయం, స్టెబిలిటీ. గిన్నెలో గోళీ వేసి కాస్త కదిపితే మళ్లీ అడుక్కే వస్తుంది. గిన్నె బోర్లించి పైన పెడితే, ఒక్కసారి కదిలిందా, ఇక పోయినట్టే. విమానం ఈ రెండిట్లో ఏదన్నది దాని బరువు ఎక్కడుందో చూస్తే తెలుస్తుంది.

గాలి తాకి ముక్కు పైకి లేచిందనుకోండి. రెక్క మీదా తోక మీదా లిఫ్ట్ పెరుగుతుంది. ఆ పెరిగిన లిఫ్ట్ అంతా ఒక బిందువు దగ్గర పనిచేసినట్టు లెక్క. దాని పేరు న్యూట్రల్ పాయింట్. బరువు కేంద్రం, అంటే సీజీ, దానికి ముందుంటే ఆ లిఫ్ట్ తోకని పైకి లేపి ముక్కుని దించుతుంది. అంటే విమానం తనంతట తానే సర్దుకుంటుంది. సీజీ వెనక ఉంటే అదే లిఫ్ట్ ముక్కుని ఇంకా పైకి తోస్తుంది. మా విమానానికి జరిగింది ఇదే.

నిజం విమానాలకీ ఈ బాధ తప్పలేదు. పి-51 మస్టాంగ్ దూరం వెళ్లాలని పైలట్ సీటు వెనక 85 గ్యాలన్ల పెట్రోల్ ట్యాంకు పెట్టారు. నిండితే దాదాపు 230 కిలోలు. సీజీ వెనక్కి జరిగిపోయేది. గట్టిగా మలుపు తిప్పితే, పైలట్ లాగాల్సిన స్టిక్ దానంతటదే అతని వైపు వచ్చేసేది. ఆపకపోతే మలుపు ఇంకా బిగుసుకుంటుంది. అందుకే గాల్లోకి లేచాక, రెక్కల కింది డ్రాప్ ట్యాంకుల కన్నా ముందు ఈ వెనక ట్యాంకునే చాలావరకు వాడెయ్యమని పైలట్లకు నేర్పేవాళ్లు. శత్రువు ఎదురయ్యేసరికి విమానం మళ్లీ మాట వినాలి కదా.

అలాగని బరువంతా ముక్కులో పెట్టినా కష్టమే. అప్పుడు విమానం మొండికేస్తుంది, ముక్కు ఎత్తాలంటే ఎలివేటర్ చాలదు. మన తేజస్‌ని అయితే చురుగ్గా తిరగాలని కావాలనే అన్‌స్టేబుల్‌గా డిజైన్ చేశారు. అక్కడ బోర్లించిన గిన్నె మీద గోళీని క్షణక్షణం పట్టి ఉంచేది కంప్యూటర్లు. మా థర్మాకోల్‌కి ఆ అదృష్టం లేదు.

కాబట్టి ముక్కు దగ్గర కాస్త చెక్కి బ్యాటరీని ముందుకి జరిపాం. రెక్క ముందంచు నుంచి పావు వెడల్పు దగ్గర రెండు వేళ్లు ఆనించి తూస్తే సమంగా నిలబడింది. ఈసారి విసిరితే గ్రౌండ్ అవతలి గోడ దాకా పోయింది.

మీరూ విసిరే ముందు ఆ రెండు వేళ్ల పరీక్ష చెయ్యండి. అర నిమిషం పని, వారం రోజుల కష్టం మిగులుతుంది.