తెరమీద పురాణం, ప్రక్కన పుస్తకం



స్వామి దర్శనం ముగించుకుని మండపంలో కూర్చున్నవారు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "శాస్త్రిగారూ, పిల్లలు ఎలాగూ ఫోను విడిచిపెట్టడం లేదు. చూసేదేదో మంచిదైనా చూడమందామని ఉన్నది. రామాయణ భారతాలలో ఏవి చూపించమంటారు?" అని. వ్యాకరణం, కావ్యం చదువుకుని డెబ్బయి దాటినవాణ్ణి. ఓటీటీల సంగతి నాకేమి తెలుసునని నవ్వి ఊరుకునేవాణ్ణి. కాని క్రిందటి కార్తీకమాసంలో జరిగిన ఒక చిన్న సంఘటన నన్ను ఈ వ్యాసానికి పురికొల్పినది.

ఆనాడు మా జి.కొండూరులో సభాపర్వం చెబుతున్నాను. ద్రౌపదీ పరాభవ ఘట్టానికి ముందు ఆగి, "ఇంతటి ఘోరానికి కారకులెవరు?" అని శ్రోతలను అడిగాను. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వెంటనే లేచి, "ద్రౌపదే తాతగారూ! దుర్యోధనుడు నీళ్ళలో పడితే, గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే అని నవ్వింది కదా! అందుకే అలా జరిగింది" అన్నది. నేను సరిదిద్దబోయేంతలో ఆమె నాయనమ్మతో సహా ముందు వరుసలోని పెద్దలంతా అవునన్నట్లు తల ఊపారు.

నాకు మాట పెగలలేదు. ఎందుకంటే ఆ మాటను ఈ ఊరివారి చెవిన వేసినవారిలో నేనూ ఒకణ్ణి.

బి.ఆర్. చోప్రా గారి 'మహాభారత్' 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మొదలై, 94 భాగాలుగా 1990 జూన్ వరకు ఆదివారం ఉదయాలలో ప్రసారమైనది. అప్పట్లో మా వీధిలో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. హిందీ రాని ఇరుగుపొరుగువారు నన్ను ముందు కూర్చోబెట్టి అర్థం చెప్పమనేవారు. రాహీ మాసూమ్ రజా గారి సంభాషణలలో సంస్కృత పదాలు సమృద్ధిగా ఉండేవి కనుక నాకది కష్టమనిపించేది కాదు. మయసభ భాగం వచ్చిన రోజున ఆ మాటను కూడా నేనే తెలుగు చేసి చెప్పాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అది వ్యాసుల వారి మాట కాదని చెప్పవలసినవాణ్ణి, రసభంగమెందుకని ఊరుకున్నాను. ముప్పయ్యేళ్ళు దాటిన తరువాత నా మౌనం ఒక పిల్ల నోట తీర్పుగా తిరిగి వచ్చినది.

మూలంలో ఉన్నదేమిటో మనవి చేస్తాను. వ్యాసభారతంలో దుర్యోధనుడు నేల అనుకుని నీటిలో పడినప్పుడు నవ్వినవారు భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు, పరిచారకులు. ధర్మరాజు ఆజ్ఞపై అతనికి పొడి వస్త్రాలు ఇచ్చారు. తరువాత హస్తినకు వెళ్ళి తండ్రి వద్ద మొరపెట్టుకునే సమయంలో, ద్రౌపది కూడా స్త్రీలతో కలిసి నవ్వినదని దుర్యోధనుడు అంటాడు. అది అసూయతో దహించుకుపోతున్నవాడి వాఙ్మూలం. 'గుడ్డివాడి కొడుకు' అన్న మాట ఆమె నోట అక్కడ ఎక్కడా లేదు.

ఒక్క మాటకు ఇంత చర్చ ఎందుకని మీరు అడుగవచ్చును. ఆ మాట చేరితే కథలో దోషం చోటు మారిపోతుంది. జూదశాలకు ఈడ్చి తెచ్చినప్పుడు ద్రౌపది సభను ఒక ధర్మప్రశ్న అడిగినది: తన్ను తాను ముందే ఓడినవాడికి నన్ను పణంగా ఒడ్డే అధికారం ఉన్నదా? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని చెప్పి తేల్చలేకపోయాడు. విదురుడు హెచ్చరించాడు. కౌరవులలో వికర్ణుడొక్కడు లేచి ఇది అధర్మమన్నాడు. మిగిలిన సభ తలవంచుకున్నది. వ్యాసులవారు వేలెత్తి చూపినది ఆ దుర్మార్గం వైపు, ఆ మౌనం వైపు. 'ఆమె నవ్వినది కదా' అనుకున్నామా, ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత సభకు తప్పిపోతుంది. రేపు మన ఊళ్ళో ఒక ఆడపిల్లకు అవమానం జరిగినా, ముందు ఆమె ఏమన్నదని అడగడం మనకు అలవాటవుతుంది.

అలాగని కల్పన అంతా దోషమని నేననను. లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదు. మన రంగనాథ రామాయణంలో ఉన్నది. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. 'మాయాబజార్' చూడని తెలుగు ఇల్లు ఉండదు. మా ప్రక్కనే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో దశావతారాల బొమ్మలు చేస్తారు. బొమ్మకు రంగులు వేసేవాడు పట్టుపంచె అంచు తన ఇష్టం వచ్చినట్లు దిద్దుకోవచ్చును. కాని నరసింహస్వామి తొడమీద హిరణ్యకశిపుడికి బదులు ప్రహ్లాదుణ్ణి పడుకోబెట్టడు. ధారావాహికకైనా, చలనచిత్రానికైనా హద్దు అంతే.

ఈ దృష్టితో నేను చూచి, నిస్సంకోచంగా చూడమని చెప్పగలిగినవి కొన్ని వ్రాస్తున్నాను.

మొదటిది రామానంద సాగర్ గారి 'రామాయణ్'. 1987 జనవరి 25న మొదలై 78 భాగాలుగా వచ్చినది. 2020 మార్చి 28 నుండి లాక్‌డౌన్ రోజులలో దూరదర్శన్ దీనిని తిరిగి ప్రసారం చేసినది. దీనికి ప్రధానాధారం తులసీదాసు 'రామచరితమానసం'. ఆధార గ్రంథాలలో మన రంగనాథ రామాయణాన్ని కూడా పేర్కొన్నారు. అగ్నిప్రవేశ ఘట్టంలో కనిపించే మాయాసీత వాల్మీకంలో లేదని మాత్రం పిల్లలకు చెప్పండి.

రెండవది ఆ 'మహాభారత్'. నేను చెప్పిన లోపం ఉన్నా, మానమని అనను. కాలపురుషుడే కథ చెప్పే ఆ పద్ధతి గంభీరమైనది. మయసభ భాగం వద్ద మాత్రం ఒకసారి ఆపి, పై విషయం చెప్పి ముందుకు సాగండి.

మూడవది 'ఉపనిషద్ గంగ'. చిన్మయ మిషన్ వారు నిర్మించగా చంద్రప్రకాశ్ ద్వివేది గారు దర్శకత్వం వహించారు. 2012లో దూరదర్శన్‌లో 52 భాగాలుగా వచ్చినది. ఒక్కొక్కటి అరగంటకు మించదు. ఉపనిషత్తుల భావాలను కథల ద్వారా చెబుతుంది కనుక ఇంటర్ చదివే పిల్లలకు తగినది.

నాలుగవది జి.వి. అయ్యర్ గారి 'ఆది శంకరాచార్య', 1983. సంస్కృతంలో నిర్మించిన తొలి చలనచిత్రం. ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందినది. దేవభాషను మనుషులు ఇంట్లో మాట్లాడుకుంటున్నట్లు వినడం నా వంటివానికి పండుగ.

తెలుగులో చూడదలచినవారికి నాగయ్యగారు పోతనగా నటించిన 'భక్త పోతన' (1943), కె.వి. రెడ్డి గారి 'మాయాబజార్' (1957), ఉత్తరకాండ కథగా వచ్చిన 'లవకుశ' (1963) ఉన్నవి. చిన్నపిల్లలతో అయితే 'మాయాబజార్'తో మొదలుపెట్టండి. అది లక్ష్మణకుమారుణ్ణి కాస్త ఆట పట్టిస్తుందే కాని, బాధపడినవారిపై నింద మోపదు.

ఇక చూసే పద్ధతి. యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా తిరిగే షార్ట్స్ నమ్మకండి. ముందు వెనుకలు లేని మాట అర్థం మార్చుకుంటుంది. పూర్తి భాగాలను నిర్మాతల సొంత ఛానళ్ళలో గాని, 2024 నవంబరులో ప్రసార భారతి ప్రారంభించిన 'వేవ్స్' వంటి వేదికలలో గాని వెదకండి. రోజుకు ఒక్క భాగమే చూడండి. ఇంటిల్లిపాదీ కలిసి చూడండి. ప్రక్కన పుస్తకం ఉంచుకోండి. గీతాప్రెస్ వారి తెలుగు తాత్పర్య సహిత వాల్మీకి రామాయణం, తిరుమల తిరుపతి దేవస్థానం వారు వ్యాఖ్యానంతో ప్రచురించిన కవిత్రయ భారతం సామాన్యులకు అందుబాటులో ఉన్నవి. భాగం ముగియగానే పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో తప్పు ఎవరిది?" వారి సమాధానం విన్న తరువాత పుస్తకం తెరవండి.

ఆ అమ్మాయికి, ఆ పెద్దలకు ఆనాడే మూలం చదివి వినిపించాను. 1989 ప్రాంతంలో నేను చేసిన పొరపాటు కూడా చెప్పి, క్షమించమన్నాను. పెద్దలు ఏమీ అనలేదు. అమ్మాయి మాత్రం మరునాడు తిరిగి వచ్చి, "తాతగారూ, అయితే భీష్ముడు ఎందుకు ఆపలేదు?" అని అడిగినది.

"అమ్మా, ద్రౌపది ఆ సభను అడిగినదీ ఇటువంటి ప్రశ్నే" అని చెప్పి, ఆనాటి పురాణం అక్కడి నుండి మొదలుపెట్టాను.

స్వస్తి.