రికార్డు మారితే శ్రుతి మారునా?

ఒకే గాయకుడు, ఒకే పాట, ఒకే రోజున పాడినది. అయినా ఆ పాట పాత రికార్డులో ఒక తీరుగా, కొత్త రికార్డులో మరొక తీరుగా వినిపించడము చాలమందికి అనుభవమే. ఇటీవలి కాలములో వినైల్ రికార్డులు మళ్ళీ అచ్చవుతున్నవి. పేరుపొందిన సంపుటము ఒక్కటే నాలుగైదు ముద్రణలలో, నాలుగైదు ధరలలో దొరుకుతున్నది. వీటిలో ఏది మేలు? ధర చూచి చెప్పవలెనా, బరువు చూచి చెప్పవలెనా, చెవికి ఇంపుగా ఉన్నదా లేదా అన్నది చూచి చెప్పవలెనా? మేలు అన్న మాటకు కొలత ఏమిటో ముందు తేల్చుకుంటే తప్ప ఈ ప్రశ్న విడివడదు.

మా ప్రసారాలు వినే బొల్లారము శ్రోత ఒకరు వ్రాసిన ఉత్తరములో ఆ కొలత దాదాపు దొరికినది. బొల్లారము పాశ్చాత్య వాద్యాలకు కొత్త చోటు కాదు. 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి, 1860లో కట్టి తరువాత రాష్ట్రపతి నిలయమైన రెసిడెంటు దొరగారి భవనము, వాటి చుట్టూ పెరిగిన దండు - వీటి నడుమ సన్నాయితో పాటు సైనిక బాండు కూడా జనానికి అలవాటైన ధ్వనియే. ఆ శ్రోత తండ్రిగారు అటువంటి బాండులో క్లారినెట్ వాయించినవారు. ఆయన దగ్గర అమెరికాలో అచ్చయిన పాత జాజ్ రికార్డు ఒకటి ఉండేది. అది మైల్స్ డేవిస్ సంపుటము "కైండ్ ఆఫ్ బ్లూ". మొదటి వైపు వేసి, దానితో పాటు తాము వాయించబోతే క్లారినెట్ ఎప్పుడూ కొంచెము తగ్గి పలికేదట. గొట్టము పూర్తిగా లోపలికి నొక్కితే గాని శ్రుతి దగ్గరకు వచ్చేది కాదు. రికార్డు తిరగవేయగానే మళ్ళీ గొట్టము వెనుకకు లాగవలసి వచ్చేది. కుమారుడు ఇటీవల కొత్త ముద్రణ ఒకటి కొన్నారు. అందులో రెండు వైపులా క్లారినెట్ చక్కగా కలిసినది. "నాన్నగారి రికార్డు అరిగిపోయి చెడినదా? దానిని ఇక తీసివేయవచ్చునా?" అని ఆయన ప్రశ్న.

అరుగుదల వలన రికార్డు శ్రుతి మారదు. ముల్లు పదే పదే తిరిగితే గాడి గోడలు చెదరుతవి. అప్పుడు చిటపటలు పెరుగుతవి, తాళాల మోత, అక్షరాల అంచులు మొద్దుబారుతవి. శ్రుతిని నిర్ణయించేది వేగము ఒక్కటే. రికార్డు తిరిగే పళ్ళెము వేగముగా తిరిగితే శ్రుతి పైకి పోతుంది, మెల్లగా తిరిగితే క్రిందికి దిగుతుంది. అయితే పళ్ళెముదే దోషమైనప్పుడు రెండు వైపులూ ఒక్కటిగానే పెరగవలె. ఇక్కడ మొదటి వైపే పెరిగినది, రెండవ వైపు సరిగా ఉన్నది. కాబట్టి దోషము ఇంటి యంత్రములో లేదు, అరుగుదలలోను లేదు. రికార్డు పుట్టిన చోటనే ఉన్నది.

ఆ పుట్టుక కథ ఇది. న్యూయార్కు నగరములో 30వ వీథిలో కొలంబియా సంస్థకు ఒక ముద్రణశాల ఉండేది. అంతకు ముందు అది చర్చి. 1959 మార్చి 2న ఒక విడత, ఏప్రిల్ 22న మరొక విడత ఈ సంపుటాన్ని అక్కడ ముద్రించారు. ట్రంపెట్ పై మైల్స్ డేవిస్, శాక్సఫోన్లపై జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, పియానోపై బిల్ ఎవన్స్, ఒక్క పాటకు మాత్రము వింటన్ కెల్లీ, మంద్రతంత్రిపై పాల్ చేంబర్స్, డ్రమ్ములపై జిమ్మీ కాబ్. ముద్రించేటప్పుడు రెండు టేపు యంత్రాలను జతగా నడిపారు. ఒకటి అసలు ప్రతికి, రెండవది జాగ్రత్త ప్రతికి. మార్చి విడతలో అసలు ప్రతి తీసిన యంత్రము రవంత మెల్లగా నడిచినది. మెల్లగా నడిచిన టేపును తరువాత సరియైన వేగముతో నడిపితే పాట తొందరపడుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఆ విడతలో వాయించిన మూడు పాటలూ మొదటి వైపునకు ఎక్కినవి. ఏప్రిల్ విడతలో వాయించిన రెండూ రెండవ వైపునకు ఎక్కినవి. క్లారినెట్ గొట్టము చెప్పిన సాక్ష్యము ఇంత కచ్చితమైనది.

తేడా ఎంత? నూటికి సుమారు ఒకటింబావు వంతు. తొమ్మిది నిమిషాల పాటలో ఇది ఏడు సెకన్ల లోపు. శ్రుతిలో చూస్తే హార్మోనియము మీద ఒక మెట్టుకూ దాని ప్రక్క మెట్టుకూ ఉన్న ఎడములో అయిదవ వంతు. పాట ఒక్కటే వింటే పట్టుబడదు. దానితో వేరొక వాద్యము కలిపినప్పుడే బయటపడుతుంది. కనుకనే 33 ఏండ్ల పాటు ముద్రణలు అట్లాగే సాగినవి. 1992లో ఈ సంపుటాన్ని కాంపాక్ట్ డిస్కుగా మళ్ళీ సిద్ధము చేస్తూ మార్క్ వైల్డర్ అనే ఇంజనీరు జాగ్రత్త ప్రతిని తీసి చూడగా వేగము తేడా తేలినది. అప్పటి నుంచి సవరించిన వేగముతో ముద్రణలు వచ్చినవి. ఆ శ్రోత కొన్న కొత్త రికార్డు అటువంటిదే.

ఇంత చిన్న తేడాకు ఇంత పట్టింపు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మొదటి పాట "సో వాట్" సంగతి చూడండి. మన లెక్కలో అది రెండు శ్రుతిలో సాగుతుంది. నడుమ ఎనిమిది ఆవర్తాలకు అర శ్రుతి పైకి ఎక్కి, మళ్ళీ రెండు శ్రుతికే దిగుతుంది. అందులో వాడిన స్వరస్థానాలు మన ఖరహరప్రియకు చెందినవే. గమకము లేదు, రాగలక్షణము లేదు. కాని స్వరసమూహము అదే. అంతకు ముందరి జాజ్‌లో వలె గడియ గడియకు స్వరసంఘాతము మార్చక, ఒకే స్వరసమూహములో నిలిచి మనోధర్మముతో విస్తరించుకొనుట ఈ సంపుటములోని ముఖ్యమైన మార్పు. అటువంటి సంగీతానికి శ్రుతియే నేల. నేల కదిలితే దాని మీద నిలిచిన దేదీ ఉన్నచోట ఉండదు. శాక్సఫోన్ కంఠములోని బరువు రవంత తగ్గుతుంది, నడక రవంత చురుకవుతుంది. వాయించినవారు ఉద్దేశించినది అది కాదు.

కాబట్టి కొత్త ముద్రణను కొలిచే మొదటి కొలత శ్రుతి. మిగిలినవన్నీ తరువాతివి. అయినా వాటిని కూడా ఒక్కొక్కటిగా చూద్దాము.

రెండవది ముద్రణకు మూలము. మొదటి టేపు నుంచి తీసినదా, ప్రతికి ప్రతి నుంచి తీసినదా అన్నది చూడవలె. ప్రతి తీసిన కొద్దీ టేపు బుసబుస పెరుగుతుంది, సూక్ష్మధ్వనులు తరుగుతవి. ఇక సంఖ్యారూపమునకు మార్చితే ధ్వని చెడుతుందని కొందరి పట్టు. 2022లో ఒక సంగతి బయటపడినది. పునర్ముద్రణలకు పేరుపొందిన మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ సంస్థ తన రికార్డులలో అనేకము సంఖ్యారూపము మీదుగా తయారైనవని ఒప్పుకొన్నది. అంతకు ముందు వాటిని అచ్చమైన టేపు ధ్వని అని మెచ్చుకొన్న రసికులు తక్కువవారు కారు. దీనివలన తెలిసేదేమంటే, అట్టపెట్టె మీది మాట చదివిన తరువాత చెవి స్వతంత్రముగా తీర్పు చెప్పలేదు. పేరు చూడక వినడము మంచి అలవాటు.

మూడవది గాడి చోటు. పన్నెండు అంగుళాల రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. వెలుపలి అంచున ముల్లు క్రింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు సాగుతుంది. లోపలి అంచుకు వచ్చేసరికి అది సుమారు 20 మాత్రమే. ఒకే సంగీతాన్ని సగము కన్న తక్కువ చోటులో ఇరికించవలసి వస్తుంది. అందుచేత ప్రతి వైపు చివరి పాటలో సకారాలు, తాళపు మోతలు గరగరలాడుతవి. కొందరు ఒక సంపుటాన్ని రెండు రికార్డులుగా పరచి, 45 చుట్ల వేగముతో అచ్చు వేయడానికి కారణము ఇదే. ఇందులో నిజమైన లాభము ఉన్నది. వెల మాత్రము పెరుగుతుంది, వైపులు తిరగవేసే పనీ పెరుగుతుంది.

నాలుగవది నడిమి రంధ్రము. అది కేంద్రానికి వెంట్రుకవాసి తప్పినా, ప్రతి చుట్టుకు ఒకసారి, అంటే 1.8 సెకన్లకు ఒకసారి, శ్రుతి పైకీ క్రిందికీ ఊగుతుంది. నిలకడగా సాగే పియానో ధ్వనిలో గాని తంబురా నాదములో గాని ఇది వెంటనే తెలుస్తుంది. ఎంత ఖరీదైన ముద్రణ అయినా ఈ దోషము తగిలిన రికార్డు తిరిగి ఇచ్చివేయదగినదే.

ఇక 180 గ్రాముల బరువు గొప్పగా చెప్పుకొనే మాట. బరువైన రికార్డు వంపు తిరగకుండా ఉండవచ్చు. ధ్వని మాత్రము బరువులో లేదు. రెండు ముద్రణలను పోల్చేటప్పుడు మరొక జాగ్రత్త అవసరము. రెండింటినీ ఒకే బిగ్గరతనముతో వినవలె. బిగ్గరగా వినిపించినదే మేలైనదని తోచడము మనుష్యుల చెవికి సహజము.

ఈ కొలతలు మన రికార్డులకు ఎట్లా వర్తిస్తవి? మన ఇండ్లలోని సంపదను రెండు తరగతులుగా విడదీయవలె. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి 1963 నాటి వేంకటేశ సుప్రభాతము, ఘంటసాల తమ కడపటి రోజులలో పాడిన భగవద్గీత వంటివి టేపుల మీద ముద్రితమైనవి. వాటి కొత్త ముద్రణలకు టేపు ఆధారము. వీటిని పోల్చడానికి తెలుగు చెవికి ఒక సులువైన పరీక్ష ఉన్నది. శ, ష, స - ఈ మూడు అక్షరాల తేడా వినండి. బుసబుసను తీసివేసే ఆత్రములో పై ధ్వనులను నరికివేస్తే మొదట నలిగిపోయేవి ఇవే. రికార్డు నిశ్శబ్దముగా ఉండి ఉచ్చారణ మూగవోతే, ఆ శుభ్రత కన్న కొంచెము బుసబుసే మేలు. గాయకుడు ఆగినప్పుడు తంబురా నాదము తోకలాగా సాగుతున్నదా, కత్తితో కోసినట్లు తెగిపోతున్నదా అన్నది రెండవ పరీక్ష.

రెండవ తరగతి 78 చుట్ల లక్క రికార్డులు. 1902లో గ్రామఫోను సంస్థ తరపున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మన గాయకుల కంఠాలను ముద్రించినది మొదలు, తెలుగు పద్యము, పాట ఎన్నో ఈ రికార్డులకు ఎక్కినవి. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకులను నాటకము చూడనివారు కూడ వినగలిగినది వీటి వలననే. పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలు మాత్రమే. 1925కు ముందు బాకాలోనికి పాడి ముద్రించిన వాటిలో సెకనుకు 2000 కంపనాలకు పైబడిన ధ్వని అంతగా లేదు. విద్యుత్ముద్రణ వచ్చిన తరువాత అది 5000 దాక పెరిగినది.

ఇక్కడ శ్రుతి చిక్కు మరింత గట్టిది. తొలినాటి రికార్డులకు 78 అన్నది పేరుకే. ముద్రించినది 74 చుట్లతో అయి, మనము 78తో తిప్పితే నాలుగు శ్రుతి పాట దాదాపు నాలుగున్నర శ్రుతిలో వినిపిస్తుంది. గంభీరమైన కంఠము సన్నబడుతుంది, గమకము పరుగెత్తుతుంది. కొత్త ముద్రణ చేసేవారు ఇది చూచుకొనకపోతే, ఆ గాయకుడు అట్లాగే పాడేవాడని మన పిల్లలు నమ్ముతారు. ఇది సామాన్యమైన పొరపాటు కాదు. ఒక మనిషి కంఠాన్ని మార్చివేయడమే. నాటక పద్యాల విషయములో ఒక అదృష్టము ఉన్నది. వాటిలో చాలవరకు హార్మోనియము ప్రక్కవాద్యము. కంఠము శ్రుతి ఎంతైనా ఉండవచ్చు, హార్మోనియము మెట్టు మాత్రము స్థిరము. వేగాన్ని మార్చి మార్చి, హార్మోనియము ఏ మెట్టుకూ ఏ మెట్టుకూ నడుమ చిక్కుకోకుండా సరిగా ఒక మెట్టు మీద నిలిచే చోటు పట్టుకొంటే, అసలు వేగము దరిదాపుగా దొరుకుతుంది.

ఒక్క మాట మరువరాదు. ఇటువంటి పాత రికార్డులలో అనేకమునకు మూలమైన లోహపు అచ్చులు నేడు లేవు. వాటికి కొత్త ముద్రణ రావలెనంటే ఆధారము ఎవరి ఇంటి అటకమీదనో మిగిలిన రికార్డే. కాబట్టి కొత్త ముద్రణ కొన్నామని పాతదానిని పారవేయకండి. వంపు తిరగకుండా నిలువుగా పెట్టండి. ఎండ తగలనీయకండి. లక్క రికార్డును స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరుగుతుంది. 78 రికార్డుకు దాని వెడల్పు ముల్లే వాడండి. ఎల్.పి. కొరకు చేసిన సన్నముల్లు దాని గాడి అడుగున దొర్లి, చెత్తను తప్ప పాటను పలికించదు.

బొల్లారము శ్రోతకు మా సమాధానము కూడ ఇదే. కొత్త రికార్డు శ్రుతి విషయములో సత్యము చెప్పుచున్నది, దానితో సాధన చేయవచ్చును. పాత రికార్డు చెడలేదు. అది 1959లో ఒక యంత్రము చేసిన తప్పును ఉన్నది ఉన్నట్లు చూపుతున్నది. ఆ తప్పును ఇంజనీర్ల కన్న ముందు తమ చెవితో, క్లారినెట్ గొట్టముతో కనుగొన్నవారు ఆయన తండ్రిగారు. అటువంటి చెవికి ఆధారమైన రికార్డును దాచుకొనడము న్యాయము.